బరువు తగ్గలేదని నడక మానకండి

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. వయసు 44 ఏళ్లు, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 59 కిలోలు. కాళ్లు, చేతులు సన్నగానే ఉంటాయి కానీ రెండో కాన్పు తర్వాత పెరిగిన పొట్ట మళ్లీ తగ్గలేదు. నాలుగు నెలల క్రితం పరీక్షలు చేయించుకున్నప్పుడు నడుము 92 సెంటీమీటర్లు ఉంది. పరగడుపు షుగర్ 109, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.0, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) 210, హెచ్‌డీఎల్ 38, బీపీ 132/84 వచ్చాయి. స్కానింగులో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అన్నారు. మా నాన్నగారికి షుగర్ ఉండేది. డాక్టరు మందులేమీ రాయకుండా నడవమన్నారు. మూడు నెలలుగా ఉదయం పూట 40 నిమిషాలు నడుస్తున్నా అర కిలో కూడా తగ్గలేదు. కుర్తాలు కొద్దిగా వదులైనట్టు అనిపిస్తుంది, అది నా భ్రమేమో. ఇంటిపనంతా చేసుకుంటూ, బడిలో రోజంతా నిలబడుతూ, ఇంకా ఈ నడక ఎందుకని ఇంట్లోవాళ్లు అంటున్నారు. పడుకుని లేచే వ్యాయామాలు చేసినా, నడుముకు బెల్టు కట్టుకున్నా పొట్ట తగ్గుతుందా? అన్నం పూర్తిగా మానేయాలా?

సమాధానం: అమ్మా, నడక మానకండి. భ్రమేమోనని మీరు కొట్టిపారేసిన ఆ కుర్తా సంగతే మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. బరువు తూచే యంత్రం ఎముకను, కండను, నీటిని, కొవ్వును కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది తప్ప వాటిలో ఏది తగ్గిందో, ఏది పెరిగిందో చెప్పలేదు. మూడు నెలల నడకలో కాళ్ల కండరాలు కొంత పెరిగి, కడుపులోని కొవ్వు కొంత కరిగితే ముల్లు కదలకపోవచ్చు, కానీ బట్టలకు ఆ తేడా తెలుస్తుంది. కాబట్టి ఈ రోజే టేపు తీసుకుని మళ్లీ కొలుచుకోండి. ఎలా కొలవాలో కింద రాస్తాను.

మీ ఎత్తుకూ బరువుకూ లెక్కవేస్తే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, సుమారు 24.6 వస్తుంది. 25 లోపు ఉంటే భయం లేదని చెప్పే పట్టిక చాలా ఆస్పత్రుల గోడల మీద ఇప్పటికీ ఉంది. అది మన శరీరాలకు సరిపోయే పట్టిక కాదు. మనవారిలో 23 నుంచే అధిక బరువుగా, 25 నుంచి ఊబకాయంగా పరిగణించాలని మన దేశపు వైద్య నిపుణులు 2009లోనే నిర్ణయించారు. పుణే కేఈఎం ఆస్పత్రికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌లోని ఆయన సహచరుడు జాన్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటోను ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3గానే ఉంది, కానీ శరీరంలోని కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతమైతే యాజ్ఞిక్‌కు 21.2 శాతం తేలింది. సన్నని కాళ్లు, చేతులతో పొట్ట మాత్రం ముందుకు వచ్చే మన శరీర నిర్మాణంలో కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా ఉంటుంది. మీరు వర్ణించినది సరిగ్గా అదే. అందువల్ల మన ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్ల నడుము చుట్టుకొలతను హద్దుగా పెట్టారు. చీరలు, చుడీదార్లు వేసుకునే ఆడవాళ్లకు ఈ హద్దు దాటిన సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. మగవాడికి ప్యాంటు బిగుసుకుంటే తెలిసిపోతుంది, బొందు మాత్రం ఎంత వదులు చేస్తే అంతకు సర్దుకుంటుంది.

పొట్ట దగ్గర కొవ్వు రెండు చోట్ల ఉంటుంది. చేతితో పట్టుకుంటే మడత పడేది చర్మం కింది కొవ్వు. దానివల్ల చూడ్డానికి బాగోదన్న ఇబ్బందే తప్ప ఆరోగ్యానికి అంత ప్రమాదం లేదు. పేగుల చుట్టూ, కాలేయం దరిదాపుల్లో లోలోపల పేరుకునేది రెండోది. ఈ లోపలి కొవ్వు నుంచి వెలువడే కొవ్వు ఆమ్లాలలో చెప్పుకోదగ్గ భాగం పేగుల నుంచి కాలేయానికి వెళ్లే రక్తనాళం గుండా నేరుగా కాలేయాన్ని చేరుతుంది. కాలేయం వాటిలో కొంత తనలోనే దాచుకుంటుంది, అదే స్కానింగులో కనిపించిన ఫ్యాటీ లివర్. మిగిలినదాన్ని రక్తంలోకి పంపుతుంది, అదే ట్రైగ్లిజరైడ్లు 210 కావడం. ట్రైగ్లిజరైడ్లు పెరిగినప్పుడు మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ సాధారణంగా తగ్గుతుంది. కొవ్వుతో నిండిన కాలేయం, చక్కెరను అదుపులో ఉంచే హార్మోన్ అయిన ఇన్సులిన్ మాట వినకుండా రాత్రంతా రక్తంలోకి చక్కెరను వదులుతూనే ఉంటుంది, అందుకే మీరేమీ తినకపోయినా ఉదయానికి షుగర్ 109 ఉంటోంది. ఆ ఇన్సులిన్ చాలక శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తే, దాని ప్రభావంతో మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచుతాయి, బీపీ పెరగడానికి అదొక కారణం. అంటే మీ రిపోర్టుల్లో వేర్వేరు పేజీల్లో ఉన్న ఇన్ని అంకెలకూ చాలావరకు మూలం ఒక్కటే.

వైద్యులు మెటబాలిక్ సిండ్రోమ్ అని పిలిచే ఈ స్థితికి అయిదు గుర్తులున్నాయి. ఆడవాళ్ల విషయంలో నడుము 80 సెంటీమీటర్లు లేదా అంతకు మించి ఉండడం, ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన ఉండడం, హెచ్‌డీఎల్ 50 కంటే తక్కువగా ఉండడం, బీపీలో పై అంకె 130 లేదా కింది అంకె 85 చేరడం, పరగడుపు షుగర్ 100 లేదా ఆపైన ఉండడం. వీటిలో మూడు ఉన్నా ఆ పేరు పెడతారు, మీకు అయిదూ ఉన్నాయి. ఈ మాట మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మీరింకా మధుమేహానికి ముందు దశలోనే ఉన్నారు, ఈ దశ నుంచి వెనక్కి రావడం సాధ్యమే. అయితే మీరు చేస్తున్న నడక అందం కోసమో, కాలక్షేపం కోసమో కాదని, అది మీకు డాక్టరు రాసిన మందేనని ఇంట్లోవాళ్లకు స్పష్టంగా చెప్పాలి. ఈ సమస్య మీ ఒక్కరిదీ కాదు. దేశంలోని పెద్దవారిలో 39.5 శాతం మందికి పొట్ట ఊబకాయం ఉందని భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం 2023లో లెక్క తేల్చింది.

ఇక బరువు తగ్గని నడకవల్ల లాభమేమిటన్న అసలు ప్రశ్నకు వస్తాను. దీనికి జవాబు మన పొరుగునే, చెన్నైలో దొరికింది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం, మీలాగే మధుమేహానికి ముందు దశలో ఉన్న 531 మందిని మూడేళ్లపాటు గమనించి, ఆ ఫలితాలను 2006లో ప్రకటించింది. సాధారణ సలహా మాత్రమే అందుకున్నవారిలో 55 శాతం మందికి ఆ మూడేళ్లలో మధుమేహం వచ్చింది. రోజూ కనీసం అరగంట చురుకైన నడక, తిండిలో మార్పులు పాటించిన వారిలో అది 39.3 శాతానికి తగ్గింది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారికీ దాదాపు ఇంతే మేలు జరిగింది. నేను మీకు ముఖ్యంగా చెప్పదలచిన సంగతి ఏమిటంటే, నడిచి, తిండి మార్చుకున్న ఆ వర్గంలో సగటు బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గనే లేదు. బరువు తగ్గకుండానే వాళ్లలో ఎంతోమంది మధుమేహాన్ని తప్పించుకున్నారు. ఎత్తులో, బరువులో, తిండిలో మనకు దగ్గరగా ఉన్న మనుషుల మీద జరిగిన పరిశోధన కాబట్టి దీన్ని నేను ఎక్కువ నమ్ముతాను.

లోపలి కొవ్వు సంగతి కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ రాస్ బృందం 2000లో ఇంకా సూటిగా చూపించింది. ఊబకాయులైన మగవాళ్లలో ఒక వర్గం చేత మూడు నెలలు రోజూ వ్యాయామం చేయించి, ఖర్చయిన శక్తికి సరిపడా తిండి పెట్టి, బరువు తగ్గకుండా చూశారు. అయినా స్కానింగులో వారి కడుపు లోపలి కొవ్వు తగ్గినట్టు తేలింది. వాళ్లు చేసిన వ్యాయామం మీ 40 నిమిషాల నడక కంటే చాలా ఎక్కువన్నది నిజమే. కాబట్టి అంతే ఫలితం మీకూ వస్తుందని చెప్పను గానీ, శరీరం నడిచే దారి మాత్రం ఇదే.

వ్యాయామానికి ఈ శక్తి కండరాల వల్ల వచ్చింది. కండరమంటే చక్కెరకు గాదె లాంటిది. భోజనం తర్వాత రక్తంలో చేరిన చక్కెరలో పెద్ద భాగం అక్కడే చోటు వెతుక్కుంటుంది, గాదె చిన్నదైనా, ముందే నిండి ఉన్నా ఆ చక్కెర రక్తంలోనే తిరుగుతూ చివరికి కాలేయంలో కొవ్వుగా మారుతుంది. కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకోగలదు. పని ఆగాక కూడా ఒకటి, రెండు రోజుల వరకు ఇన్సులిన్‌కు బాగా స్పందిస్తుంది. ఆ ప్రభావం అంతకు మించి నిలవదు కనుకనే వరసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానవద్దని డాక్టర్లు చెబుతారు. ఆదివారం ఒక్కపూట రెండు గంటలు నడిచి మిగతా వారమంతా కూర్చోవడం కంటే రోజూ అరగంట నడవడం మేలనడానికీ కారణం ఇదే.

మీ నడకలో మార్చవలసింది వేగం. మీ ఉత్తరంలో ఎంతసేపు నడుస్తున్నారో ఉంది గానీ ఎంత వేగంగానో లేదు. తోడుగా వచ్చినవారితో ఇంటి విషయాలన్నీ తీరిగ్గా మాట్లాడుకోగలుగుతున్నారంటే అది షికారు. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంతగా ఊపిరి ఆడాలి, నిమిషానికి సుమారు వంద అడుగులు పడాలి, పది నిమిషాలకు ఒళ్లు వెచ్చబడాలి. మొదటి అయిదు నిమిషాలు నెమ్మదిగా మొదలుపెట్టి, తర్వాత రెండు నిమిషాలు బాగా వేగంగా, రెండు నిమిషాలు మామూలుగా, ఇలా మార్చి మార్చి నడిస్తే అదే 40 నిమిషాలు మీకు ఎక్కువ ఫలితమిస్తాయి. దీనికి తోడు రాత్రి భోజనం కాగానే పది నిమిషాలు డాబా మీదనో, వాకిట్లోనో, వీధిలోనో నడవండి. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం మధుమేహం ఉన్నవారి మీద 2016లో చేసిన పరిశోధనలో, రోజులో ఎప్పుడో ఒకసారి అరగంట నడిచినప్పటి కంటే ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడిచినప్పుడే భోజనానంతరం చక్కెర తక్కువగా పెరిగింది. రాత్రి భోజనం తర్వాత ఆ తేడా మరీ ఎక్కువగా కనిపించింది. మన ఇళ్లలో అన్నిటికంటే పెద్ద భోజనం రాత్రిదే, అదీ పొద్దుపోయాక తిని వెంటనే పడుకుంటాం. అందుచేత నిజం చెప్పాలంటే, ఉదయం నడక కంటే ఈ పది నిమిషాల మీదే నాకు ఎక్కువ ఆశ.

నడకతో కాళ్లకు కొంత పని దొరుకుతుంది కానీ తొడలు, వీపు, భుజాలు, చేతుల కండరాలు పెరగాలంటే బరువు పని కావాలి. 40 దాటిన ఆడవాళ్లలో కండ తరుగుతూ వస్తుంది, నెలసరి ఆగే వయసు దగ్గరపడేకొద్దీ ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గి, అంతవరకు తుంటి, తొడల దగ్గర చేరే కొవ్వు పొట్టలో చేరడం మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామంతో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయమని 2020లో చెప్పింది. దీనికి జిమ్‌కు వెళ్లనవసరం లేదు. కుర్చీ ముందు నిలబడి, అందులో కూర్చోబోయి పిర్రలు ఆనీ ఆనకముందే లేచే గుంజీలు, గోడకు రెండు చేతులూ ఆనించి ఒంటిని దగ్గరకు తీసుకుని దూరంగా నెట్టడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, నీళ్లు నింపిన లీటరు సీసాలను రెండు చేతులతో భుజాల పైకి ఎత్తడం, ఈ నాలుగూ చాలు. ఒక్కోటి పదిసార్లు, మధ్యలో కాసేపు ఆగి మళ్లీ పదిసార్లు, వారానికి మూడు రోజులు చేయండి. తేలికనిపించిన వారం నుంచి సీసా బదులు రెండు కిలోల బియ్యం సంచి పట్టుకోండి. బీపీ హద్దుకు చేరి ఉంది కాబట్టి ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, వదులుతూ ఎత్తాలి. మోకాళ్లు నొప్పిగా ఉంటే కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచుకోండి.

పడుకుని లేచే వ్యాయామాలతో పొట్ట కండరం గట్టిపడుతుంది, దాని మీదున్న కొవ్వు ఆ కారణంగా కరగదు. ఏ భాగాన్ని కదిపితే ఆ భాగంలోని కొవ్వే ఖర్చవుతుందన్నది అపోహ, శరీరం తన కొవ్వును అన్ని చోట్ల నుంచీ తీసుకుంటుంది. బెల్టు సంగతైతే డబ్బు దండగ. వేడి పుట్టించే బెల్టుతో చెమట పోయి తగ్గిన బరువు రెండు గ్లాసుల నీళ్లు తాగగానే తిరిగి వస్తుంది. పొట్ట మీది కొవ్వును ఆపరేషన్‌తో తీసేసినా జబ్బు తగ్గదని కూడా తెలుసుకోండి. అమెరికాలో ఊబకాయం ఉన్న 15 మంది ఆడవాళ్లకు కొవ్వును గొట్టంతో పీల్చేసే లైపోసక్షన్ ద్వారా సుమారు 10 కిలోల చొప్పున చర్మం కింది కొవ్వును తీసి, కొన్ని వారాల తర్వాత పరీక్షిస్తే ఇన్సులిన్ పనితీరులో గానీ బీపీలో గానీ కొలెస్ట్రాల్‌లో గానీ మెరుగు కనిపించలేదని 2004లో ప్రచురించారు. బయటి కొవ్వును తీసేశారు, లోపలి కొవ్వు, కండరాలు, కాలేయం ఎప్పటిలాగే ఉండిపోయాయి.

ఇంటిపని వ్యాయామం కాదని నేననను. వంగి ఊడ్చడం, నేల తుడవడం, బట్టలు ఉతకడం, నీళ్ల బిందెలు మోయడం ఊపిరి వేగాన్ని పెంచే పనులే, అవి లెక్కలోకి వస్తాయి. పొయ్యి దగ్గర నిలబడడం, కూరగాయలు తరగడం, బోర్డు ముందు నిలబడి పాఠం చెప్పడం కాళ్లను నొప్పించవచ్చు కానీ గుండెకూ కండరాలకూ కావలసినంత పని ఇవ్వవు. అలసట వేరు, వ్యాయామం వేరు. నడవడానికి సమయం మిగలనంతగా ఇంటిపని మీ ఒక్కరి మీదే పడుతుంటే దాన్ని ఇంట్లోవాళ్లు పంచుకోవాలి. ఉద్యోగం చేస్తూ, నాలుగు గంటలకే లేచి వంట ముగించి, ఆ తర్వాత నడవడానికి వెళ్లినందుకు మాట పడే ఆడవాళ్లను చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. ఉదయం ఒక్క టిఫిన్ పని మీవారో పిల్లలో చూసుకుంటే మీకు ఆ 40 నిమిషాలు నిశ్చింతగా దొరుకుతాయి.

అన్నం పూర్తిగా మానకండి, మానినా చాలామంది ఎక్కువ రోజులు నిలబడలేరు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, రోజు మొత్తం శక్తిలో ధాన్యాలూ చిరుధాన్యాలూ కలిపి 45 శాతానికి మించకూడదు. మన కంచంలో చాలాసార్లు ఇది ఎంతో మించిపోతుంది, ఎందుకంటే మొదట కూరతో, తర్వాత చారుతో, చివర పెరుగుతో మూడుసార్లు అన్నం పెట్టుకుంటాం, కూర మాత్రం అన్నం తినడానికి సరిపడా కొంచెమే వేసుకుంటాం. ఆ కొలతను తిరగెయ్యండి. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు వడ్డించుకుని, గట్టి పప్పో శనగలో గుడ్డో చేపో తప్పక ఉండేలా చూసుకుని, అన్నం ఒక్కసారే పెట్టుకోండి. మీ వైపు జొన్నరొట్టె అలవాటే కాబట్టి రాత్రిపూట రెండు రొట్టెలు, పప్పు, కూర మంచి భోజనం. అయితే జొన్న కూడా ధాన్యమే, ఎన్ని తిన్నా ఫరవాలేదని అనుకోవద్దు. ట్రైగ్లిజరైడ్లు 210 ఉన్నప్పుడు చక్కెర టీలు, పండ్ల రసాలు, కూల్‌డ్రింకులు, బేకరీ సరుకులు ముందుగా తగ్గించవలసినవి. 40 నిమిషాల నడకలో మీ బరువున్న మనిషికి ఖర్చయ్యేది సుమారు 140 కిలోకేలరీలే, నడిచి వచ్చాను కదా అని రెండు పూరీలు, ఒక టీ ఎక్కువ తీసుకుంటే అదంతా తిరిగి వచ్చేస్తుంది. మీ బరువు కదలకపోవడానికి ఇదొక కారణమేమో ఒక వారం పాటు తిన్నదంతా రాసుకుని చూడండి.

నడుము కొలిచే పద్ధతి ఇది. ఉదయం పరగడుపున, మూత్రవిసర్జన అయ్యాక, నిటారుగా నిలబడి పక్కటెముకల్లో చివరిదాన్ని, తుంటి ఎముక పై అంచును వేలితో గుర్తించి, రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. బొందు కట్టే చోట కొలవకూడదు. పొట్ట లోపలికి లాగకుండా, మామూలుగా ఊపిరి వదిలిన తర్వాత అంకె చూడండి. నెలకొకసారి కొలిచి తేదీతో రాసుకుంటే చాలు. ఆరు నెలల్లో నాలుగైదు సెంటీమీటర్లు తగ్గితే అది చాలా మంచి ఫలితం. 80కి చేరేదాకా లాభం ఉండదని ఎంతమాత్రం అనుకోకండి. కాలేయంలోని కొవ్వు బాగా తగ్గాలంటే మాత్రం మెల్లగా నాలుగైదు కిలోల బరువు కూడా తగ్గడం అవసరమవుతుంది, దానికి వ్యాయామం కంటే తిండి ఎక్కువగా పనిచేస్తుంది.

పరీక్షలు చేయించుకుని నాలుగు నెలలైంది కాబట్టి పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ పరీక్షలు మళ్లీ చేయించే సమయం వచ్చింది. వాటితో పాటు థైరాయిడ్, కాలేయ ఎంజైములు కూడా చూపించుకోండి, థైరాయిడ్ మందగించినా ట్రైగ్లిజరైడ్లు, బరువు పెరుగుతాయి. కాన్పుల సమయంలో మీకు షుగర్ వచ్చి ఉంటే ఆ విషయం డాక్టరుకు తప్పక చెప్పండి, అలాంటివారికి మధుమేహం వచ్చే అవకాశం చాలా ఎక్కువ. హెచ్‌బీఏ1సీ 6.5కు చేరితే మందుల గురించి డాక్టరే నిర్ణయించాలి, తెలిసినవాళ్లు వాడుతున్నారని మెట్‌ఫార్మిన్ మీరే కొనుక్కుని మొదలుపెట్టవద్దు. వేగం పెంచే ముందు ఒకసారి ఈసీజీ తీయించుకోవడం మీ విషయంలో సమంజసమే. నడుస్తున్నప్పుడు ఛాతీలో బరువుగా, పట్టేసినట్టుగా అనిపించినా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, ఎప్పుడూ లేనంత ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా గ్యాసని సరిపెట్టుకోకుండా అక్కడే ఆగి, ఎవరినైనా తోడు తీసుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.